తిప్పయ్య నడిపిన చుక్క

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అందరూ అంటే మా ఆయన లక్ష్మీపతి ఒక్కడే, ఇంట్లో ఉండేది మేమిద్దరమే కాబట్టి. ఆయనకు గుంతకల్లు లోకో షెడ్డులో ఉద్యోగం, నాకు అదే ఊరి స్టేషన్లో టికెట్ల కౌంటర్లో. రిజర్వేషను ఫారంలో వయసు అడిగిన గడిలో ఊరి పేరు, ఊరి పేరు అడిగిన గడిలో సంతకం చేసి ఇచ్చే జనాన్ని ఇరవై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. ఇంకా శాంతంగా ఉండాలంటే నేను మనిషిని కాకుండా పోవాలి.

పోయిన ఏడు మా రైల్వే కాలనీ క్లబ్బు వాళ్ళు ఒక ప్రదర్శన పెట్టారు. కుట్లు, అల్లికలు, బొమ్మలు, ఫోటోలు. నేను వృశ్చిక రాశి ఫోటో ఇచ్చాను. నా టెలిస్కోపు మీద కెమెరా బిగించి, దాని కన్ను మూడు నిమిషాలు తెరిచి ఉంచి తీసిన ఫోటో అది. ఆ మూడు నిమిషాల్లో భూమి తిరుగుతుంది, దానికి తగ్గట్టు టెలిస్కోపు కూడా తిరగాలి. నా మోటారు సగం దూరం తిరిగి బద్ధకించింది. చుక్కలన్నీ సాగి సేమియా పోగుల్లా పడ్డాయి. క్లబ్బు సెక్రటరీ కదిరప్ప దాన్ని ఫోటోల వరసలోంచి తీసి, చేత్తో వేసిన బొమ్మల వరసలో తగిలించి, కింద "వాన" అని రాశాడు. దానికి కన్సొలేషన్ బహుమతి కూడా వచ్చింది, ఒక స్టీలు టిఫిన్ క్యారియరు.

అంతటితో ఊరుకున్నా నేను మర్చిపోయేదాన్ని. బహుమతి చేతికిస్తూ మైకులోనే అన్నాడు. "ఈ చుక్కల ఫోటోలు అంతా మిషనే తీస్తాది కదా మేడం. ఇందులో మీరు చేసేదేముండాది?"

జనం నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను. మా ఆయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక తను నవ్వలేదని, దగ్గొచ్చిందని చెప్పాడు.

ఆ రోజే అనుకున్నాను, వచ్చే ప్రదర్శనలో చుక్క చుక్కలాగే ఉన్న ఫోటో పెట్టాలని. గుండ్రంగా, సూదితో పొడిచినట్టు. దాని కింద నా పేరు ఉండాలి. ఇంత వయసొచ్చాక ఇంత చిన్న కోరిక ఏమిటని నన్ను నేనే అడిగాను. ఇంతవరకు నా చేతుల మీదుగా జరిగిందంతా ఎవరో ఒకరు ఎక్కడికో పోవడం. నాదంటూ ఒకటి చేసుకోవాలని గట్టిగా అనిపించింది. అంతే.

ఏడాదంతా ప్రయత్నించాను. ఇలాంటి ఫోటోలకు చంద్రుడు లేని రాత్రి కావాలి, అంటే అమావాస్య. ఈ జిల్లాలో రైతులు మొక్కినా రాని మబ్బు నేను టెలిస్కోపు దించగానే వస్తుంది. వజ్రకరూరు దగ్గర మా చిన్నాయన కూతురు హనుమంతమ్మకు ఎనిమిదెకరాల మెట్ట చేను, దాని గట్టున చిన్న ఇల్లు ఉన్నాయి. చుట్టూ లైట్లు లేని చోటు కాబట్టి నేను అక్కడికే పోతుంటాను. పోయిన నెల నేను పోయి గొట్టం నిలబెట్టిన అరగంటకు వాన పడింది. ఊళ్ళో ఈ ఏడు మొదటి వాన అదే. అప్పటి నుంచి హనుమంతమ్మ వారానికోసారి ఫోన్ చేస్తుంది.

"అక్కా, శెనక్కాయ విత్తనం వేసినాం. నువ్వొకసారి వచ్చి ఆ గొట్టం పెట్టిపో."

ఈ ఏడు ప్రదర్శన ఒక ఆదివారం సాయంత్రం. దానికి ముందు రోజు శనివారం అమావాస్య. ఫారం ముందే నింపి ఇచ్చేశాను, ఛాయాచిత్రం, జయంతి అని. గోడ మీద నా ఫోటోకు చోటు కూడా వదిలిపెట్టారు. చేతిలో ఉన్నది ఆ ఒక్క రాత్రి.

ఈసారి నా దగ్గర కొత్త సరంజామా ఉంది. పెద్ద గొట్టం ఫోటో తీస్తుంది. దాని వీపు మీద ఇంకో చిన్న గొట్టం బిగిస్తారు. ఆ చిన్నదానికి ఫోటోతో సంబంధం లేదు. అది ఒకే ఒక్క చుక్కను పట్టుకుని రెప్పవేయకుండా చూస్తూ ఉంటుంది. ఆ చుక్క వెంట్రుకవాసి పక్కకు జరిగితే లాప్‌టాప్‌కు చెబుతుంది. లాప్‌టాప్ మోటారుకు చెబుతుంది. మోటారు సర్దుకుంటుంది. దీన్ని గైడింగ్ అంటారు. నేను చూసి నేర్చుకునే పుస్తకంలో ఇది నాలుగు లైన్లలో ఉంది. చేయడానికి నాకు నాలుగు గంటలు పట్టింది.

శనివారం పొద్దు గూకే వేళకు చేను చేరాం. కరెంటు కోసం ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ ఊడబెరికి కారులో వేశాను. మా ఆయన కూడా వచ్చాడు.

"మీరెందుకు, ఇంట్లో పడుకోండి" అన్నాను బయలుదేరేటప్పుడు.

"ఫ్యాను తిప్పే బ్యాటరీ నువ్వు ఎత్తకపోతాండావు. అది యాడుంటే నేనూ ఆడే పడుకుంటా" అన్నాడు.

చేను నిండా మనుషులే. వజ్రకరూరు చుట్టుపక్కల తొలకరి వాన పడిందంటే వజ్రాలు వెదికేవాళ్ళు వచ్చేస్తారు. వాన నీటికి మన్ను కొట్టుకుపోయి రాళ్ళు పైకి తేలుతాయి. బళ్ళారి నుంచి, కర్నూలు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో సద్ది మూట కట్టుకుని వచ్చి, నడుం వంచి, తల దించుకుని సాళ్ళ వెంబడి నడుస్తుంటారు. హనుమంతమ్మ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ళను అదిలిస్తూనే ఉంటుంది. ఆమె ఇటు అదిలిస్తే వాళ్ళు అటు పోయి వంగుతారు. చీకటి పడ్డాక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అందరూ పోయారనే నేను అనుకున్నాను.

ముందు చేయాల్సింది ధ్రువ నక్షత్రానికి గురి పెట్టడం. మన వైపు అది చాలా కిందికి ఉంటుంది, చేయి చాపి పిడికిలి మీద ఇంకో సగం పిడికిలి పెట్టినంత ఎత్తు. హనుమంతమ్మ చేనికి సరిగ్గా ఉత్తరాన ఒక గాలిమర ఉంది. ధ్రువుడు దాని రెక్క వెనక్కి పోతాడు, వస్తాడు, మళ్ళీ పోతాడు. వచ్చినప్పుడల్లా నేను టెలిస్కోపు స్టాండు స్క్రూ సగం చుట్టు తిప్పడం, ఇంతలో ధ్రువుడు పోవడం. గంట సేపు ఆ రెక్కతో కుస్తీ పట్టాను. మా ఆయన చాప మీద పడుకుని, "గాలి నిలిచిపోతే మేలు కదా" అని ఒక సలహా ఇచ్చాడు.

హనుమంతమ్మ రాగి సంగటి, నంజుకోవడానికి ఊరుబిండి తెచ్చింది. ఈ రాత్రి దేని ఫోటో అని అడిగింది. ధనుస్సు రాశిలో ఎర్రటి మేఘం ఒకటి ఉంది, దానిది అని చెప్పాను.

"మేఘమా? ఈ తట్టుకు వస్తాదా అక్కా?"

"రాదు. శానా దూరం. దాని వెలుగు మన తావకి రావాలంటేనే నాలుగు వేల ఏండ్లు పైన పడతాది."

"అయితే మన మేఘాలే మేలు" అని గిన్నెలు తీసుకుని వెళ్ళి పడుకుంది.

పదకొండు దాటాక అన్నీ కుదిరాయి. చిన్న గొట్టం ఒక చుక్కను పట్టుకుంది. లాప్‌టాప్ తెర మీద దాని చుట్టూ ఆకుపచ్చ గడి, దాని నడుమ ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. రెండు గీతలూ కలిసే చోట చుక్క కదలకుండా కూర్చుంది. పెద్ద కెమెరా మీట నొక్కాను. మూడు నిమిషాలు. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం నడుస్తోంది.

సరిగ్గా అప్పుడు మా ఆయన ఒంటికి పోవడానికి లేచాడు. తెల్ల లైటు వేయవద్దని దారి పొడుగునా చెప్పాను. అయినా టెలిస్కోపుకు ఎదురుగా పోయి సెల్‌ఫోన్ లైటు వేశాడు. ఆ వెలుగు చిన్న గొట్టం అద్దం మీద పడి తళుక్కుమంది.

"లైటు ఆర్పండి" అన్నాను పళ్ళు బిగించి.

ఆర్పాడు. ఆ వెంటనే చీకట్లోంచి ఏదో ఎగిరి వచ్చి థప్పుమని పడింది. లాప్‌టాప్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. తెర మీద ఆకుపచ్చ గడి ఎర్రగా మారింది. చుక్క దొరకడం లేదని దాని ఏడుపు. ముందుకు పోయి చిన్న గొట్టం తడిమి చూశాను. మెత్తగా, తడిగా, వెచ్చగా ఉంది. వాసన చూడాల్సిన పని కూడా లేకపోయింది. పేడ.

"ఎవరూ తాకొద్దు" అని ఒక గొంతు వినిపించింది. "అది నాది. ముందు చూసినోణ్ణి నేను."

చేతిలో ప్లాస్టిక్ బకెట్టుతో, పంచె పైకి కట్టిన ఒక ముసలాయన సాళ్ళు దాటుకుంటూ వచ్చాడు. అరవై అయిదు దాటి ఉంటాయి. ఆ ఊరి తిప్పయ్య. హనుమంతమ్మ పొద్దుటి నుంచి అదిలించినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

"ఏది నీది?" అన్నాను.

"రాయి. ఇప్పుడే తళుక్కుమన్యాది. గుర్తు పెట్టినా. తెల్లారేదాకా ఎవురూ దగ్గరికి పోకూడదు."

అక్కడి ముసలివాళ్ళలో ఒక నమ్మకం ఉంది. అసలైన వజ్రం అమావాస్య చీకట్లో దానంతట అదే ఒకసారి మెరుస్తుందట. అప్పుడు దగ్గరికి పోతే మాయమవుతుందట. పది అడుగుల దూరం నుంచి పేడ విసిరి కప్పేయాలి, వెలుగు ఇంకొకరి కంట పడకుండా. పొద్దున్నే వచ్చి పేడ తీసి చూసుకోవాలి. తిప్పయ్య నలభై ఏళ్ళుగా ప్రతి అమావాస్యకూ బకెట్టుతో తిరుగుతున్నాడు. ఇంతవరకు పగిలిన సీసాల మీద వేశాడు, పిల్లి కళ్ళ మీద వేశాడు, ఒకసారి సైకిలు వెనక ఎర్రబిళ్ళ మీద వేశాడు, సైకిలు మీద మనిషి ఉండగానే. రాయి మాత్రం దొరకలేదు. ఇవన్నీ తర్వాత అతనే చెప్పాడు, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

నేను ఆ క్షణంలో అతన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. హనుమంతమ్మ ఇంట్లోంచి దుప్పటి కప్పుకుని బయటికొచ్చి విని, మళ్ళీ లోపలికి పోయింది.

తిట్లయ్యాక తిప్పయ్య గొట్టం వంక చూసి, నా వంక చూసి, బకెట్టు కింద పెట్టాడు. "రాయి కాదామ్మా అయితే?"

"కాదు."

"గురి మాత్రం తప్పలే" అన్నాడు.

నేను నీళ్ళ సీసా కోసం కారు దగ్గరికి పోయి వచ్చేలోపు మా ఆయన సాయం చేశాడు. ఇంజను అద్దాలు తుడిచే గుడ్డపేలికలు ఎప్పుడూ ఆయన కారులో ఉంటాయి. వాటిలో ఒకటి తీసి, నూనె మరకలతో సహా, చిన్న గొట్టం అద్దాన్ని బాగా ఒత్తి తుడిచాడు. పేడలో ఇసుక ఉంది. కర్రుమని శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసి కడిగినా అద్దం మీద గీతలు, జిడ్డు పొర మిగిలాయి. పెద్ద గొట్టానికి ముందు పొడవాటి తొడుగు ఉంది కాబట్టి దాని అద్దానికి ఏమీ కాలేదు. కానీ దారి చూపేది చిన్నదే. మళ్ళీ లాప్‌టాప్‌ను అడిగాను. చుక్క లేదంది. ఇంకోసారి అడిగాను. లేదంది.

పుస్తకంలో పేడ గురించి ఏమీ లేదు.

నేను సాలులో కూర్చుని ఏడ్చాను. ముందు కోపంతో మొదలుపెట్టాను, నడుమలో ఎక్కడో అది ఉత్త ఏడుపైంది. ఇంకో అమావాస్య దాకా ప్రదర్శన ఆగదు. గోడ మీద నా చోటు ఖాళీగా ఉంటుంది, కదిరప్ప దానికి ఇంకేదో పేరు పెడతాడు. మా ఆయన పక్కన కూర్చుని నా చెప్పులకు అంటిన మన్ను దులపసాగాడు.

తిప్పయ్య పోలేదు. లాప్‌టాప్ ముందు గొంతుక్కూర్చుని తెరలోకి చూస్తున్నాడు.

"ఏడుస్తావేంటికమ్మా? నీ చుక్క ఈడే ఉండాది కదా."

లేచి పోయి కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. బూడిద రంగు తప్ప నాకేమీ కనిపించలేదు. మా ఆయన చూశాడు, ఆయనకు తెర మీద వాలిన పురుగు కనిపించింది.

"ఇదో, గీతకు కుడిపక్కన. నువ్వులగింజలో సగం ఉండాది. మసకగా."

అబద్ధమేమో తేల్చుకుందామని అతనికి తెలియకుండా మోటారును ఒక్క పిసరు జరిపాను.

"కిందికి పోయింది" అన్నాడు వెంటనే.

ఇంకోవైపు జరిపాను.

"ఇప్పుడు ఎడంపక్కకు. నువ్వు కదిలిస్తాండావు కదా? ఊరికే కదిలియ్యద్దు, అలిసిపోతాది."

నలభై ఏళ్ళు ఎర్రమన్నులో ఆవగింజంత మెరుపు కోసం వెదికిన కళ్ళవి. లాప్‌టాప్ కాదన్న చుక్కను అతను చూస్తున్నాడు. ఈ యంత్రాలు రాకముందు జనం గైడింగ్ చేత్తోనే చేసేవాళ్ళని పుస్తకంలో ఒక చోట చదివాను. మోటారుకు తీగతో కట్టిన చిన్న పెట్టె ఉంటుంది, దాని మీద నాలుగు బటన్లు, పైకి, కిందికి, ఎడమకు, కుడికి. దాన్ని తిప్పయ్య చేతిలో పెట్టాను. చుక్క గీతల నడుమ నుంచి ఎటు జరిగితే దాన్ని మళ్ళీ నడిమికి తేవాలి, మూడు నిమిషాలు, అంతే పని అని చెప్పాను.

మొదటి ప్రయత్నంలో అతను తెచ్చిన ప్రతిసారీ అది ఇంకా దూరం పోయింది. పెట్టెను తలకిందులుగా పట్టుకున్నాడు. రెండోసారి బాగానే సాగింది కానీ మధ్యలో తుమ్మాడు. మూడోసారి పెట్టెను మోకాలి మీద పెట్టుకుని, ఎనుమును తోలుతున్నట్టు చుక్కతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"హోయ్, యాడికి పోతాండావు? ఇట్ల రా. ఇంకొంచెం. ఆఁ, ఆడే నిలువు. మళ్ళీ పోతాండాది సూడు, చెప్తే వినవా నువ్వు?"

ఇంకో విచిత్రం కూడా గమనించాను. అతను రెండు రెప్పలూ ఒకేసారి వేయడం లేదు. ముందు ఎడమ కన్ను మూస్తాడు, తెరుస్తాడు, తర్వాత కుడి కన్ను. రాళ్ళు వెదికేటప్పుడు రెండు కళ్ళూ ఒక్కసారి మూస్తే ఆ రెప్పపాటులోనే రాయి పక్కోడికి దొరుకుతుందట, అందుకని అలవాటు చేసుకున్నాడట. మా ఆయన కూడా ప్రయత్నించాడు. ముఖమంతా వంకరపోయింది తప్ప రాలేదు.

మూడు నిమిషాలు నిండాయి. కెమెరా టక్కుమంది. ఫోటో తెర మీదికి వచ్చింది. మధ్యలో ఎర్రటి పొగలాంటి మేఘం, దాని నిండా చుక్కలు. ఒక మూలకు పోయి బాగా పెద్దది చేసి చూశాను. గుండ్రంగా ఉంది. ఇంకో మూల చూశాను. గుండ్రంగా ఉంది. పెళ్ళి రోజు కూడా నాకు ఇంత సంతోషం కలగలేదని మా ఆయనతో అన్నాను. నాకు తెలుసులే అన్నాడాయన.

మూడు గంటలకు మబ్బు పట్టేదాకా తీస్తూనే ఉన్నాం, వాటిలో ఇరవై రెండు ఫోటోలు బాగా కుదిరాయి. తిప్పయ్య మధ్యలో ఒక్కసారే లేచాడు, బీడీ కాల్చుకోవడానికి, అదీ నేను చెప్పినట్టు దూరంగా పోయి. తెల్లవారుజామున తుంపర మొదలైంది. హనుమంతమ్మ బయటికొచ్చి ఆకాశం వంక, నా గొట్టం వంక చూసి దండం పెట్టింది.

టీ తాగుతుండగా తిప్పయ్య అసలు సంగతి ఎత్తాడు.

"అమ్మా, దీంట్లో నా పేరు ఏస్తావా?"

"ఏంటికి?"

"మా తావ కట్టుబాటు అది. పరాయోళ్ళ చేన్లో రాయి దొరికితే ముందు చూసినోడి పేరు చెప్పాల, తర్వాత చేను గలోళ్ళ పేరు. దుడ్లు ఏమొద్దు నాకు. గొట్టం నీది, సూపు నాది. నా పేరు ముందు రాయాల."

నాకు చుర్రుమంది. ఏడాది పొడుగునా తిప్పలు పడింది నేను. చదివింది నేను. గాలిమర రెక్కతో గంట సేపు తన్నులాడింది నేను. ఈయన పేడ విసిరి, బటన్లు నొక్కి, పేరు ముందు వేయాలంటున్నాడు.

"నువ్వు చేసిందేముందన్నా? బటన్లు ఒత్తినావు. మిగతాదంతా మిషన్ చేసింది" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. తిప్పయ్య గ్లాసు కింద పెట్టి, "ఏమోమ్మా, నీ ఇష్టం. సాయంత్రం వస్తా, చూస్తా" అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. వస్తానన్న మాట నేను పట్టించుకోలేదు. పన్నెండు గంటలకల్లా ఇరవై రెండు ఫోటోలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే ఫోటోగా చేసి, స్టూడియోలో పెద్దదిగా వేయించి, చట్రం కట్టించి క్లబ్బులో తగిలించాను. కింద చీటీ, ఛాయాచిత్రం: జయంతి.

సాయంత్రం ఆరింటికి తిప్పయ్య వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తలకు నూనె, మెడలో తువ్వాలు. వజ్రకరూరు నుంచి బస్సులో నిలబడి వచ్చానన్నాడు. నేరుగా నా ఫోటో దగ్గరికి పోయాడు. మేఘాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వేలు గాలిలో ఆడిస్తూ ఒక్కో చుక్కనూ చూసుకుంటూ పోయి, ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇదే. రాత్రంతా నేను తోలింది ఇదే."

నేను చూసుకున్నాను. అదే. అన్ని వందల చుక్కల్లో ఎలా గుర్తుపట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత వంగి కింద చీటీ చదివాడు. కూడబలుక్కుంటూ, పైకే. "ఛా... యా... చిత్రం. జ... యం... తి." ఆగాడు. ఇంకా ఏమైనా ఉందేమోనని చూశాడు. మెల్లగా చీటీ అంచు పట్టుకుని పైకెత్తి వెనకవైపు కూడా చూశాడు. వెనక ఏమీ లేదు. చీటీని మళ్ళీ సరిగ్గా అతికించి, వేలితో ఒత్తి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

అప్పుడే కదిరప్ప వచ్చాడు. ఫోటో చూసి, పర్వాలేదే అన్నట్టు తల ఆడించి, తిప్పయ్యను చూశాడు. "ఈయప్పెవురు మేడం?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన చెప్పాడు. "ఈ ఫోటోకు చుక్కను నడిపించింది ఈయనే సార్."

కదిరప్ప నవ్వి తిప్పయ్య భుజం తట్టాడు. "అంతా మిషనే చేస్తాది కదప్పా. నువ్వు చేసేదేముండాది ఇందులో?"

తిప్పయ్య కూడా మర్యాదకు నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు పోయిన ఏడు మైకు ముందు నేను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. పొద్దున టీ గ్లాసుతో నేనన్న మాట కూడా గుర్తొచ్చింది. సిగ్గు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. నాకు అలవాటైంది కోపం కాబట్టి అదే ముందు బయటపడింది.

"మిషనా సార్? మిషన్ ముఖాన పేడ పడితే గుడ్డిదై కూర్చుంది. చుక్క లేదు పొమ్మంది. నేను దిక్కులేక ఏడుస్తాండా. ఈయప్ప మూడు గంటలు, ఒక్కసారి కూడా రెండు కండ్లూ మూయకుండా, ఆ చుక్కను పట్టుకొని తోలినాడు. ఆయనే లేకపోతే మీ గోడ మీద ఇప్పుడు ఉత్త చట్రం ఏలాడతాండేది. ఏముండాది అంటారా? మీరొచ్చి మూడు నిమిషాలు చేసి చూపియ్యండి, ఆ టిఫిన్ క్యారియర్ మీకే ఇచ్చేస్తా."

కుట్లు చూస్తున్న ఆడవాళ్ళు కూడా ఇటు తిరిగారు. నేను కదిరప్ప జేబులో పెన్ను లాక్కుని, చీటీ మీద నా పేరు కొట్టేసి, పెద్ద అక్షరాలతో తిప్పయ్య అని రాశాను. దాని కింద కొంచెం చిన్నగా జయంతి అని రాశాను.

తిప్పయ్య వంగి, రెండు పేర్లూ కూడబలుక్కుని చదివాడు. ముందు తనది, తర్వాత నాది. ముఖమంతా విచ్చుకుంది. నేను అంతమందిలో అరిచినందుకు చిన్నబోయానని అనుకున్నాడేమో, కదిరప్ప వైపు తిరిగి నా తరఫున పెద్దరికంగా ఒక మాట సాయం చేశాడు.

"ఆయమ్మ కూడా ఉండింది సార్ ఆడ. వైర్లు అవీ బాగా మోసింది."

నేను పెన్నుకు మూత పెట్టి కదిరప్ప జేబులో వేసి, అవునని తల ఊపాను.